తెప్ప మోటారు లాగడం లేదా? విప్పే ముందు ఈ సంగతులు చూడండి

సముద్రం ఒడ్డున ఉండే చిన్నకారు రైతుకు పొలం ఒక్కటే ఆధారం కాదు. ఉద్దానం వైపు మా ఊళ్లలో చూడండి, అరెకరం జీడి, నాలుగు కొబ్బరిచెట్లు, వాటితో పాటు ఏ ఫైబర్ తెప్పలోనో మూడో వంతో నాలుగో వంతో వాటా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు మా ఇంట్లో అన్నం ఉడికింది ఆ తెప్ప వాటా మీదే. జీడి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. తెప్పకు మోటారు బాగుంటే చాలు, మర్నాడే వేటకు పోవచ్చు.

అందుకే ఈ వారం పొలం సంగతులు కాస్త పక్కనపెట్టి తెప్ప వెనక బిగించే మోటారు గురించి రాస్తున్నాం. కొత్త మోటారు కొన్నవారికి ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు. రెండో చేతి మోటారు, పదేళ్లు పదిహేనేళ్లు ఉప్పునీళ్లు తాగిన మోటారు ఉన్నవారికే ఇది. అలాంటి మోటారు ఒక్కసారిగా ఆగిపోతే కారణం తొందరగానే దొరుకుతుంది. చిక్కంతా మెల్లమెల్లగా బలం తగ్గేదానితోనే. తాడు లాగితే అందుకుంటుంది, నడుస్తుంది, కానీ మునుపటిలా లాగదు. అలలు దాటేచోట ముక్కుతుంది. కెరటం విరిగేచోట మోటారు బలం చాలకపోతే తెప్ప అడ్డం తిరుగుతుందని ఒడ్డున ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మా తెప్పకు రెండు సిలిండర్ల, 9.9 గుర్రపుశక్తి మోటారు. ముగ్గురం కలిసి పాతది కొన్నాం. ఒక ఏడు వేట సగంలో ఉండగా వేగం తగ్గడం మొదలైంది. పట్నంలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళితే తాడు రెండుసార్లు లాగి చూసి, "రింగులు పోయాయి" అన్నాడు. ఆ ఏడు జీడిపిక్కలు అమ్మగా వచ్చిన డబ్బంతా రింగులకు, గాస్కెట్లకు, కూలికి పెట్టాం. మోటారు తెచ్చి బిగించాం. ఒక్క పిసరు తేడా లేదు! తప్పు మెకానిక్కుది మాత్రమే కాదు. మేమూ అడగవలసినవి అడగలేదు, చూడవలసినవి చూడలేదు. అసలు కారణం ఎక్కడ దొరికిందో తరవాత చెబుతాను.

పొలంలో పంపుసెట్టు నీళ్లు తక్కువ పోస్తుంటే మనం నేరుగా ఇంజన్ హెడ్డు ఊడదీస్తామా? తీయం. ముందు ఫుట్ వాల్వుకు చెత్త పట్టిందేమో చూస్తాం, గొట్టం గాలి లాగుతోందేమో చూస్తాం, బెల్టు జారుతోందేమో చూస్తాం. బావిలో నీటిమట్టం ఎంత దిగిందో కూడా చూస్తాం. తెప్ప మోటారుకూ ఇదే వరస. ఖర్చులేని పరీక్షలన్నీ అయ్యాకే రెంచి పట్టుకోవాలి.

ముందు చెవితో వినండి

తెప్ప మీద ఎప్పుడూ ఉండే మనుషులు, వలలే ఉంచి, ప్రశాంతమైన నీటిలో థ్రాటిల్ పూర్తిగా తిప్పండి. ఇప్పుడు గమనించాల్సింది ఒక్కటే. మోటారు శబ్దం ఎప్పటిలా, లేదా అంతకన్నా హెచ్చుగా పెరిగి, తెప్ప మాత్రం ముందుకు పోవడం లేదా? లేక శబ్దమే పైకి లేవకుండా, బరువు మోస్తున్న ఎద్దులా ముక్కుతోందా?

శబ్దం పెరిగి వేగం రాకపోతే ఇంజన్ బాగానే ఉన్నట్టు. దాని బలం నీటికి అందడం లేదు. నీటి కింది భాగం చూడాలి. శబ్దమే లేవకపోతే రెండే కారణాలు. ఇంజన్ బలహీనపడి ఉండాలి, లేదా దాని మీద మోయలేనంత భారం పడుతుండాలి. ఈ ఒక్క తేడా కనిపెడితే సగం పని అయినట్టే. మోటారును ఒడ్డున డ్రమ్ము నీళ్లలో పెట్టి నడిపితే ఈ తేడా తెలియదు. అక్కడ భారం ఉండదు కాబట్టి నీరసించిన మోటారు కూడా కేకలు పెడుతుంది. ఆ కేక విని మోసపోకండి.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. బలం ఎప్పుడు తగ్గుతోంది? మొదటినుంచీ లేదా? అయిదు నిమిషాలు బాగా లాగి తరవాత తగ్గుతోందా? పావుగంట వేడెక్కాక తగ్గి, చల్లారితే మళ్లీ బాగుంటోందా? ఇవి వేరువేరు జబ్బులు. మెకానిక్కు దగ్గరికి వెళ్లినా ముందు చెప్పాల్సింది ఇదే. "లాగడం లేదు" అని ఊరుకుంటే అతను మాత్రం ఏం చేస్తాడు?

ఫ్యాను దగ్గర

మోటారు ఆపి, ఆపే తాడు క్లిప్పు లాగేసి, ప్లగ్గు తీగలు ఊడదీశాకే ఫ్యాను మీద చెయ్యి వేయాలి. గేరులో ఉండగా చేత్తో తిప్పితే పాత మోటారు ఒక్కోసారి అందుకుంటుంది. వేళ్లు పోతాయి.

ఫ్యాను రెక్కలు ఇసుకమేటలకు, రాళ్లకు తగిలి అంచులు వంగిపోతుంటాయి. చిన్న వంపే కదా అనుకోవద్దు, తెప్ప వణుకుతుంది, వేగం పోతుంది. ఫ్యాను విప్పితే వెనకాల ఇరుసుకు వల దారం చుట్టుకుని ఉండటం మనవాళ్ల మోటార్లలో చాలా మామూలు. ఈ దారం బలాన్ని తగ్గించడమే కాక లోపలి నూనె సీలును కోసేస్తుంది. గేరు పెట్టె కింద మర విప్పి రెండు చుక్కలు చూడండి. నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినట్టే. సీలు మార్చకుండా నూనె ఒక్కటే మారిస్తే వారానికే మళ్లీ తెల్లబడుతుంది.

కొన్ని ఫ్యాన్లలో బయటి భాగానికీ లోపలి ఇరుసు గొట్టానికీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. ఫ్యాను రాయికి తగిలితే గేర్లు విరగకుండా ఇది జారుతుంది. పాతబడితే రాయి తగలకపోయినా జారుతుంది. అప్పుడు తక్కువ వేగంలో బాగానే పోతుంది, థ్రాటిల్ పెంచగానే మోటారు కేకపెడుతుంది, తెప్ప కదలదు. పరీక్ష సులువు. లోపలి గొట్టం అంచు మీదుగా ఫ్యాను మీదికి ఒకే గీత రంగుతో గీయండి. ఆరాక ఒక చుట్టు తిరిగొచ్చి చూడండి. గీత రెండుగా విడిపోయి ఉంటే బుష్ జారుతోంది. మా ఊళ్లో ఒకాయన ఈ జబ్బుకే కార్బొరేటర్ కొత్తది వేయించాడు.

మోటారు ఎత్తు కూడా ఇక్కడే చూడాలి. ఫ్యానుకు పైన వెడల్పుగా ఒక అడ్డపలక ఉంటుంది. అది తెప్ప అడుగుమట్టానికి సమంగానో, ఒక అంగుళం లోపు కిందికో ఉండాలి. ఎత్తయితే ఫ్యాను గాలిని లాగుతుంది, కెరటం మీద వట్టినే తిరుగుతుంది. మరీ కిందికి ఉంటే మోటారు కాలు నీటిని ఈడ్చుకుంటూ పోతుంది. పాతవి కొనేటప్పుడు పొట్టి కాలుదా, పొడుగు కాలుదా చూడకుండా కొంటే ఈ తంటా తప్పదు. రెంటి మధ్యా అయిదు అంగుళాల తేడా ఉంటుంది.

నూనె దారి

శబ్దం లేవని మోటార్లలో ముందు అనుమానించవలసింది పెట్రోలు దారినే. ట్యాంకు మూతతో మొదలుపెట్టండి. మూత మీద గాలి మర ఉంటుంది. అది బిగిసి ఉన్నా, ఉప్పుతో పూడుకుపోయినా ట్యాంకులోకి గాలి పోదు, పెట్రోలు బయటికి రాదు. అయిదు పది నిమిషాలు బాగా లాగి, ఆ తరవాత నీరసించి ఆగిపోవడం దీని లక్షణం. మూత వదులు చేస్తే "సుయ్" మని గాలి లోపలికి పోతుంది, మోటారు లేచి కూర్చుంటుంది. ఇంతకన్నా చవకైన రిపేరు ఇంకోటి లేదు.

తరవాత గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డి. దీన్ని మనం మోటారు అందించేముందు నొక్కడానికే అనుకుంటాం గానీ ఇది పెద్ద వైద్యుడు. థ్రాటిల్ పూర్తిగా ఉండగా బలం తగ్గినప్పుడు ఇంకొకరిచేత ఆ బుడ్డిని నొక్కించండి. నొక్కుతున్నంతసేపూ మోటారు పుంజుకుంటే పెట్రోలు చాలినంత అందడం లేదని తేలిపోయింది. ఇంజన్ మీద ఉండే చిన్న పంపులో రబ్బరు పొర చిరిగి ఉండాలి, లేదా గొట్టం అతుకుల దగ్గర గాలి లాగుతుండాలి. బుడ్డి చప్పిడిపోయి ముడుచుకుని ఉంటే అడ్డు ట్యాంకు వైపున ఉంది. అంటే మూత మర, ట్యాంకు లోపలి జల్లెడ చూసుకోవాలి. బుడ్డి గట్టిగా రాయిలా ఉండి కూడా మోటారు ఆకలితో ఉంటే అడ్డు ముందు వైపున, అంటే ఫిల్టర్లోనో కార్బొరేటర్లోనో ఉన్నట్టు.

పెట్రోలులో నీరు ఉందేమో చూడటానికి గాజు సీసా చాలు. ట్యాంకు అడుగునుంచి కాస్త తీసి సీసాలో పోసి కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగున వేరే పొరగా తేరుకుంటుంది. ఈ పరీక్ష ఇప్పుడు మరీ ముఖ్యం. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలై ఇప్పుడు దాదాపు అంతటా అదే దొరుకుతోంది. ఇథనాల్ మన చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసేదే, రైతుగా సంతోషించవలసిందే. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో సగం నిండిన ట్యాంకు వారాలకొద్దీ పడి ఉంటే ఇథనాలూ నీరూ కలిసి అడుగుకు దిగిపోతాయి. మోటారు మొదట పీల్చేది ఆ అడుగునున్నదే. పాత మోటార్ల రబ్బరు గొట్టాలు, పొరలు ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడి, లోపలి పొర ఊడి, ఆ ముక్కలే అడ్డుపడతాయి. గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది! వేళ్లతో నొక్కి చూసి జిగటగా ఉన్నా, పగుళ్లున్నా మార్చేయండి. వేటకు సరిపడా మాత్రమే కొనుక్కోవడం మేలు. నెలల తరబడి నిలవ ఉంచిన పెట్రోలు పోయవద్దు.

కార్బొరేటర్ సంగతి. తక్కువ వేగంలో బాగా నడిచి, పూర్తి థ్రాటిల్లో చచ్చిపోతుంటే పెద్ద జెట్టు పూడుకుని ఉండొచ్చు. అలా నీరసించినప్పుడు చోకు కొద్దిగా లాగి చూడండి. చోకుతో పుంజుకుంటే ఇదీ పెట్రోలు చాలని జబ్బే. జెట్టును శుభ్రం చేసేటప్పుడు తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా కొలత తప్పుతుంది. కార్బొరేటర్ శుభ్రం చేసే స్ప్రే కొట్టి, గాలితో ఊదాలి.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. ఇవి టూ స్ట్రోకు మోటార్లు. పిస్టన్‌కు కావలసిన నూనె పెట్రోలుతో పాటే వస్తుంది. పెట్రోలు తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే. అలాంటప్పుడు లాగడం లేదని థ్రాటిల్ పూర్తిగా తిప్పి గంటలకొద్దీ నడిపితే పిస్టన్ కాలి పట్టేస్తుంది, ఒక్కోసారి మధ్యలో బెజ్జం పడుతుంది. పది రూపాయల మూత మర జబ్బు పెద్ద రిపేరయ్యేది ఇలాగే. నూనె పాళ్లు మీ మోటారు పుస్తకంలో ఏముంటే అదే. యాభైకి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, ఇరవై అయిదుకు ఒకటి అంటే 40 మిల్లీలీటర్లు. చేతివాటం పోత వద్దు, కొలసీసా పెట్టుకోండి. ఎక్కువ పోస్తే మంచిదని కొందరి నమ్మకం. ఎక్కువైతే మసి పట్టి ప్లగ్గులు తడుస్తాయి. మీది కిరసనాయిలుతో నడిచే రకమైతే ఆపేముందు కొన్ని నిమిషాలు పెట్రోలు మీదికి మార్చి నడపాలి. లేకపోతే కార్బొరేటర్‌లో కిరసనాయిలే మిగిలి, మర్నాడు తాడు లాగి లాగి భుజం పోతుంది.

థ్రాటిల్ గురించి ఒక చిన్న మాట. పిడి పూర్తిగా తిప్పినంత మాత్రాన కార్బొరేటర్‌లోని రేకు పూర్తిగా తెరుచుకుందని నమ్మకం లేదు. పాత తీగ సాగిపోతుంది. మోటారు ఆపి, ముందరి మూత తీసి, గేరులో పెట్టి ఒకరు పిడి తిప్పుతుంటే ఇంకొకరు రేకు చూడాలి. సగంలో ఆగితే తీగ బిగించుకుంటే సరి.

ప్లగ్గు చెప్పే కబురు

రెండు సిలిండర్ల మోటారులో ఒక సిలిండరు చచ్చిపోయినా రెండోదాని మీద మోటారు తిరుగుతూనే ఉంటుంది. జత ఎడ్లలో ఒకటి కాడి వదిలేసినట్టు. తెప్ప పాకుతుంది, మనం అలవాటు పడిపోతాం.

ఏది పనిచేయడం లేదో తెలుసుకోవడానికి మోటారు ఆపి ఒక ప్లగ్గు టోపీ తీయండి. ఆ టోపీకి ఒక పాత ప్లగ్గు తగిలించి, దాని ఇనుప ఒళ్లు ఇంజన్ లోహానికి గట్టిగా తగిలేలా కట్టండి. తీగను ఊరికే గాలిలో వదిలి నడిపితే లోపలి ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోవచ్చు. ఇప్పుడు అందించి చూడండి. తరవాత రెండోదానికి ఇలాగే చేయండి. ఏ టోపీ తీసినా ఒకేలా కష్టపడి నడుస్తుంటే రెండు సిలిండర్లూ పనిచేస్తున్నట్టు. ఒకటి తీసినప్పుడు అసలు అందుకోకపోతే రెండోది చచ్చినట్టు. ఈ పనంతా పెట్రోలు వాసన లేనిచోట, గాలి బాగా ఆడేచోటే చేయాలి.

ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. కొస లేత ఇటుకరంగులో ఉంటే అంతా సవ్యం. నల్లగా తడిగా ఉంటే నిప్పు సరిగా పడటం లేదు, లేదా నూనె ఎక్కువైంది. సున్నంలా తెల్లగా, పొక్కులుగా ఉంటే ఆ సిలిండరు పెట్రోలు చాలక కాలిపోతోంది, వెంటనే ఆపండి. ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా, తుప్పు చారలతో ఉంటే హెడ్డు గాస్కెట్ దగ్గర ఉప్పునీరు లోపలికి వస్తోందేమో చూడాలి. నిప్పురవ్వ నీలంగా "చిట్" మని పడాలి. పసుపుగా పీలగా ఉంటే టోపీ, తీగ, కాయిలు వరసగా చూసుకోవాలి. తీగ కొసలో ఉప్పు తినేసిన పచ్చని చిలుము ఉంటే ఆ కాస్త కత్తిరించి కొత్తగా బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. ప్లగ్గు నంబరు మీద మూత లోపల ఉన్న నంబరే ఉండాలి. దుకాణంవాడు "ఇది కూడా పడుతుంది" అంటే పడుతుంది, మరకు పడుతుంది, మంటకు పడకపోవచ్చు.

వేడెక్కాక తగ్గితే

చల్లగా ఉన్నప్పుడు లాగి, పావుగంట తరవాత నీరసించే మోటారుకు మూత మర బాగానే ఉంటే, నీళ్లు చూడండి. పక్కనుంచి సన్నగా చిమ్మే ధార మోటారుకు నాడి వంటిది. అది గోరువెచ్చగా, తెగకుండా రావాలి. తగ్గినా ఆవిరిలా వచ్చినా కింద నీటి పంపులోని రబ్బరు చక్రం రెక్కలు అరిగి ఉండాలి, లేదా లోపలి దారుల్లో ఉప్పు గడ్డకట్టి ఉండాలి. ఒక్కోసారి చిమ్మే రంధ్రంలోనే ఇసుక పడుతుంది, సన్నని పుల్లతో పొడిచి చూడండి. నీళ్లు లేకుండా మోటారును "ఒక్క క్షణమే కదా" అని ఒడ్డున అందిస్తే ఆ రబ్బరు చక్రం మాడిపోతుంది. వేట నుంచి వచ్చాక మంచినీళ్ల డ్రమ్ములో కాసేపు నడపడం ఇందుకే. మా ఊళ్లో ఎండాకాలం తాగడానికే నీళ్లుండవు, డ్రమ్ము నీళ్లు మోటారుకా అని ఇంట్లో వాళ్లు అడుగుతారు. అదీ నిజమే. ఒకే నీటిని రెండు మూడు మోటార్లకు వాడుకోవచ్చు.

ధార బాగుండి కూడా వేడెక్కాక తగ్గుతుంటే కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలి. చల్లారాక పరీక్షిస్తే నిప్పు నీలంగానే కనిపిస్తుంది, దుకాణంలో "బాగానే ఉంది" అంటారు. నీరసించిన ఆ క్షణంలోనే చూడాలి.

ఒత్తిడి కొలవకుండా రింగులు వద్దు

ఇంతదాకా ఏదీ దొరకకపోతే అప్పుడు సిలిండర్ల ఒత్తిడి. మోటారును కాస్త వేడి చేసి, రెండు ప్లగ్గులూ తీసి, వాటి తీగలు లోహానికి తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, మీటరు బిగించి తాడు అయిదారుసార్లు లాగాలి. రెండు సిలిండర్లకూ అంతే. అంకె ఎంత రావాలన్నది మోటారును బట్టి ఉంటుంది, కిరసనాయిలు రకాలకు తక్కువే వస్తుంది. ముఖ్యంగా చూడవలసింది రెంటి మధ్య తేడా. పది శాతం లోపు తేడా ఉంటే రింగుల జోలికి పోనక్కర్లేదు. ఒకటి బాగా తక్కువ ఉంటే రింగులు అరిగి ఉండొచ్చు, మసికి గాడిలోనే అతుక్కుపోయి ఉండొచ్చు, గాస్కెట్ పోయి ఉండొచ్చు. మసి జబ్బయితే శుభ్రం చేస్తే చాలు, కొత్త రింగులు అక్కర్లేదు. పొగ పోయే రంధ్రాలకు మసి పట్టి సన్నబడినా బలం తగ్గుతుంది.

ఎవరైనా మీ మోటారుకు రింగులు వేయాలంటే ఒక్క మాట అడగండి: "మీటరు పెట్టారా? రెండు సిలిండర్ల అంకెలు కాగితం మీద రాసివ్వండి." మంచి మెకానిక్కు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు. మేము అడిగి ఉంటే జీడి డబ్బులు మిగిలేవి. తరవాత వేరేచోట కొలిపిస్తే అక్కడివాళ్లు తీసి ఇచ్చిన పాత రింగులు కూడా చూసి, ఇంకా పనికొచ్చేవేనన్నారు.

మా తెప్ప అసలు రోగం

మరి కారణం ఏమిటంటారా? ఇంజన్ కాదు, ఫ్యాను కాదు. వలలు బాగుచేసే ముసలాయన ఒకరు మా గొడవ విని, "ఏటి బాబూ, తెప్ప ఒడ్డెక్కించడానికి ఇదివరకు ఎంతమంది పట్టీవోరు, ఇప్పుడెంతమంది పడుతున్నారు?" అని అడిగాడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కొన్న కొత్తలో ఎనిమిదిమంది చాలేవాళ్లు. ఇప్పుడు పన్నెండుమందిని పిలుస్తున్నాం. ఆ బరువు రోజూ మా భుజాల మీదే ఉన్నా మోటారుకు ముడిపెట్టుకోలేదు.

ఫైబర్ తెప్ప లోపల తేలడానికి నురగ దిమ్మెలు నింపుతారు. పైపొరలో పగులు పడితే, మర బిగించిన రంధ్రాల్లో లప్పం పోతే నీరు లోపలికి చేరి ఆ నురగను తడుపుతుంది. మాది వెనకవైపు, మోటారు పలక మరల దగ్గర నుంచే తాగింది. అడుగున చిన్న రంధ్రం తొలిస్తే రెండు రోజులు నీరు కారింది. ఎండలో బోర్లిస్తే ఆరిపోతుందనుకున్నాం. నురగ తాగిన నీరు అంత తేలిగ్గా వదలదు. చివరికి పైపొర కోసి, తడిసినది తీసేసి, కొత్తది నింపి, ఫైబర్ అతుకు వేయించాం. రింగులకు పెట్టినదానిలో సగం కూడా కాలేదు. ఆ తరవాత తెప్పను ఒడ్డెక్కించడానికి తొమ్మిదిమంది సరిపోతున్నారు. మోటారు శబ్దం కూడా మొదటిరోజే పైకి లేచింది.

తెప్ప అడుగున గుల్లలు, నాచు పట్టినా ఇదే లక్షణం. తడిసిన తెప్ప వేగం తగ్గడమే కాదు, తిరగబడితే తేలే శక్తి కూడా తగ్గి ఉంటుంది. అందుకే ఈ పరీక్ష వరసలో చివర రాశాను గానీ చేయడం మాత్రం అన్నిటికన్నా ముందే చేయండి. ఎంతమంది మోస్తున్నారో లెక్కపెట్టడానికి ఖర్చేముంది?

వేట విరామంలో

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మోటారు తెప్పల వేట నిషేధం. ఈ రోజుల్లోనే ఈ పనులన్నీ చేసుకోవాలి. జీడిపిక్కలు ఏరే పనీ అప్పుడే ఉంటుంది, నిజమే. సాయంత్రాలు గంట కేటాయించండి. మోటారు కట్టిపెట్టేటప్పుడు మంచినీళ్లలో నడుపుతూ పెట్రోలు గొట్టం ఊడదీస్తే కార్బొరేటర్ ఖాళీ అయి అదే ఆగుతుంది. గొట్టం తీశాక అది నీరసిస్తుంటే థ్రాటిల్ పెంచవద్దు. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలి. ప్లగ్గు రంధ్రాల్లో టూ టీ నూనె చెంచాడు చొప్పున పోసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గులు బిగించాలి. మోటారును నిలువుగా ఉంచాలి. పడుకోబెడితే లోపల నిలిచిన నీరు సిలిండర్లోకి జారుతుంది.

నిషేధం ముగిశాక మొదటిరోజు దూరం పోకుండా ఒడ్డు కనిపించే మేరలోనే తిరిగి చూసుకోండి. తెప్పలో తెడ్లు, రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్గు రెంచి, అదనపు తాడు, మీ ఫ్యానుకు పిన్ను రకమైతే రెండు పిన్నులు ప్లాస్టిక్ డబ్బాలో కట్టి ఉంచండి. లైఫ్ జాకెట్లు తెప్పలో కాదు, ఒంటి మీద ఉండాలి. ఫోను అందే దూరంలో ఆపద వస్తే తీరరక్షక దళం నంబరు 1554. రంగు డబ్బా మూత తీసే ఉంచండి, ఫ్యాను మీద ఆ గీత ఏటా కొత్తగా గీయాల్సిందే. పాతది ఉప్పుకు చెరిగిపోతుంది.